సుడో కొట్టే ముందు ఒక్క నిమిషం

టెర్మినల్‌లో "పర్మిషన్ డినైడ్" అని కనపడగానే ల్యాబ్‌లో వినిపించే మొదటి సలహా, "సుడో పెట్టరా మామా." చాలాసార్లు పనైపోతుంది కూడా. అందుకే ఆ సలహా అంటే నాకు భయం.

సుడోతో మేక్ నడిపితే కంపైలర్ రూట్ పేరు మీద నడుస్తుంది. అది కొత్తగా చేసే బిల్డ్ ఫోల్డరుకి యజమాని రూటే. రేపు మీరు ఒక లైను మార్చి, మామూలుగా మేక్ కొడతారు. మళ్ళీ అదే ఎర్రర్! ఎందుకంటే, ఒక ఫోల్డర్‌లో కొత్త ఫైలు పెట్టాలన్నా, ఉన్నది తీసేయాలన్నా ఆ ఫోల్డరు మీద రాసే హక్కు ఉండాలి. సోర్స్ ఫైలు మీదే అయినా లాభం లేదు. దాంతో మళ్ళీ సుడో, మళ్ళీ రూట్ ఫైళ్ళు. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు.

ఎర్రర్‌లో ఏ ఫైలు పేరుందో ముందు చదవండి. ఆ ఫైలుకీ, అది ఉన్న ఫోల్డరుకీ ఎల్ఎస్ మైనస్ ఎల్‌డీ కొట్టి యజమాని ఎవరో చూడండి. (కమాండ్లు తెలుగులో రాస్తుంటే నాకే నవ్వొస్తోంది, మీరు మామూలుగానే టైప్ చేయండి.) రూట్ అని ఉంటే సీహెచ్‌ఓన్‌తో ఆ ప్రాజెక్ట్ ఫోల్డరుని మీ పేరు మీదకి మార్చుకోండి. దీనికి మాత్రం సుడో కావాలి. మేక్ ఇన్‌స్టాల్‌కి కూడా న్యాయంగానే కావాలి, అది సిస్టమ్ ఫోల్డర్లలో రాస్తుంది కాబట్టి. కాన్ఫిగర్ స్క్రిప్టే నడవనంటే, దానికి ఎక్స్ బిట్ లేదేమో చూడండి. సీహెచ్‌మోడ్ ప్లస్ ఎక్స్ చాలు.

777 మాత్రం వద్దు. మా ప్రాజెక్ట్ టీమ్‌లో ఒకడు హోమ్ ఫోల్డర్ మొత్తానికి, లోపల ఉన్నవాటితో సహా, అదే కొట్టాడు. సబ్మిషన్ రాత్రి గిట్ పుష్ ఆగిపోయింది. ప్రైవేట్ కీ అందరూ చదవగలిగేలా ఉంటే ఎస్ఎస్‌హెచ్ దాన్ని ముట్టుకోదు. కీ ఫైలుకి 600 పెట్టాకే కదిలింది.

అన్నీ సరిగ్గా ఉన్నా ఏ.అవుట్ నడవకపోతే, మీరు పెన్‌డ్రైవ్‌లోనే కంపైల్ చేస్తున్నారేమో చూసుకోండి. ఫ్యాట్ ఫార్మాట్‌లో ఈ అనుమతులు దాచుకునే చోటే ఉండదు, సీహెచ్‌మోడ్ ఎన్నిసార్లు కొట్టినా అంతే. ఫోల్డరుని హోమ్‌లోకి కాపీ చేసి, అక్కడ మేక్ కొట్టండి.