ఆయమ్మ తెచ్చిన బేసిన్



ఈ సంచికకు గర్వం, దీనత్వం అనే అంశం మీద రాయాలనుకున్నప్పుడు మాకు ముందు గుర్తొచ్చినవి ఇతరుల గర్వాలే. రౌండ్స్‌లో మా మాట చెవిని వేసుకోని డాక్టర్లు, బిల్లు కట్టాం కదా అని అరిచే బంధువులు. తీరా కాగితం ముందు కూర్చున్నాక కళ్ల ముందుకు వచ్చింది మాత్రం ఒక బేసిన్.

ఇరవై ఏళ్ల కిందటి సంగతి. అప్పుడు వేరే మిషన్ ఆస్పత్రిలో పనిచేస్తున్నాం. ప్రసూతి వార్డులో ఆ రాత్రి డ్యూటీ సిస్టర్లం ఇద్దరం. ఇద్దరమూ డిప్లొమా చేసి పదేళ్లు దాటినవాళ్లం. ఎన్ని కాన్పులు చూశామో లెక్క చెప్పుకొని మురిసిపోయే రోజులవి.

ఒంటిగంట దాటాక ఆయమ్మ వచ్చింది. "సిస్టరమ్మా, మూడో మంచం తల్లికి బట్టలు ఊకె తడుస్తున్నయి. ఒకపారి చూడరాదు?"

"కాన్పయ్యాక రక్తం పోదా? మాకు నేర్పుతావా? వెళ్లి నీ పని చూసుకో" అన్నాం. ఆమె వెళ్లాక ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వుకున్నాం కూడా.

అరగంటకు మళ్లీ వచ్చింది. ఈసారి ఏమీ మాట్లాడలేదు. తడిసిన ప్యాడ్లన్నీ వేసిన బేసిన్ తెచ్చి, మా టేబుల్ మీద, టీ కప్పుల పక్కనే పెట్టింది.

పరుగెత్తాం. తల్లి ఒళ్లు చల్లబడి చెమటలు పడుతున్నాయి. నాడి నూట ముప్పై దాటింది, బి.పి. పడిపోతోంది. పొట్ట మీద చెయ్యి వేస్తే గర్భసంచి మెత్తగా తగిలింది. డాక్టరుగారిని లేపి, మసాజ్ చేస్తూ, ఆక్సిటోసిన్ డ్రిప్ పెట్టి, తెల్లవారేలోగా రెండు బాటిళ్ల రక్తం ఎక్కించాం. దేవుని కృప వల్ల ఆ తల్లి బ్రతికింది. ఇంకొక అరగంట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో రాయడానికి ఇప్పటికీ చెయ్యి రాదు.

ఇక్కడ గర్భిణుల ఇంటివారికి ఒక మాట. కాన్పయిన 24 గంటల్లోపు అర లీటరు, అంతకు మించి రక్తం పోతే అది ప్రమాదమే. గర్భసంచి గట్టిగా ముడుచుకోకపోవడమే దీనికి ఎక్కువసార్లు కారణం. గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, తల్లికి కళ్లు తిరిగినా, గుండె దడదడలాడినా, చెమటలు పట్టినా వెంటనే సిస్టర్‌ను పిలవండి. సిస్టర్ విసుక్కుంటే మళ్లీ పిలవండి.

రెండు రోజుల తర్వాత చాపెల్‌లో ఉదయ ప్రార్థనకు రాజులు రెండవ గ్రంథము 5వ అధ్యాయము చదివారు. నయమాను సిరియా సైన్యాధిపతి, కుష్ఠరోగి. సమరయలో ఒక ప్రవక్త ఉన్నాడనీ, ఆయన దగ్గరకు వెళితే బాగవుతుందనీ ముందుగా చెప్పింది ఎవరు? ఇశ్రాయేలు నుంచి చెరపట్టి తెచ్చిన ఒక చిన్నపిల్ల, నయమాను భార్యకు పనిమనిషి. ఎలీషా తానుగా బయటకు రాలేదని, యొర్దానులో ఏడుసార్లు మునగమన్నాడని ఆ అధికారి కోపంతో తిరిగిపోతుంటే, సర్దిచెప్పి నీళ్లలో దింపిందీ పనివాళ్లే. సండే స్కూలు నుంచి విన్న కథే. ఇంతకాలం దాన్ని నది కథ అనుకున్నాం. ఆ పిల్ల పేరు గానీ ఆ పనివాళ్ల పేర్లు గానీ వాక్యంలో లేవని ఆ రోజే గమనించాం.

గమనించేసరికి మా రిపోర్టు పుస్తకం గుర్తొచ్చి తల దిగిపోయింది. ఆ రాత్రి సంగతి అందులో రాశాం, సంతకాలు పెట్టాం. రాసిందేమిటంటే, అధిక రక్తస్రావాన్ని డ్యూటీ సిస్టర్లు గమనించి వెంటనే చర్య తీసుకున్నారని! మేట్రన్‌గారు మెచ్చుకున్నారు కూడా. విసుక్కోవడం ఒక పాపమైతే, ఇది అంతకన్నా పెద్దది.

మన సికింద్రాబాదులోనూ ఇలాంటి పేరు లేని మనిషి ఒకరున్నారు. బేగంపేట పాత విమానాశ్రయం వైపు వెళ్లేవారు రోనాల్డ్ రాస్ భవనం చూసే ఉంటారు. దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులోనే కనుగొన్నారు. రెండేళ్లుగా ఎన్నో దోమలను కోసి చూసినా దొరకలేదు, ఎందుకంటే అవి వేరే జాతి దోమలు. ఆ రోజుల్లోనే, తోక పైకెత్తి గోడ మీద వాలిన ఒక చిన్న దోమను ఆయనకు చూపించింది ఒక హాస్పిటల్ అసిస్టెంట్. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. మలేరియా కీర్తి ఎవరిదని ఇటలీకి చెందిన గ్రాసీతో ఆయన ఏళ్ల తరబడి పోట్లాడారు. కానీ ఆ అసిస్టెంట్ సంగతి తన జ్ఞాపకాలలో దాచలేదు, పేరు మరచిపోయినందుకు విచారపడ్డారు. ఆయన మరచిపోయానని ఒప్పుకున్నారు. మేమో, పేరు తెలిసీ రాయలేదు.

మేట్రన్‌గారి దగ్గరకు వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఆ రోజు పేజీలో ఆయమ్మ పేరుతో సరిదిద్ది మళ్లీ సంతకాలు చేశాం. ఆ తర్వాత ఆమె దగ్గరకు వెళ్లడం దీనికన్నా కష్టమైంది. ఏ మాటలు వాడాలో ముందే అనుకొని వెళ్లాం. అందులోనూ ఎంతోకొంత గర్వం ఉందని ఇప్పుడు తెలుస్తోంది. ఆమె బకెట్ కింద పెట్టి, "అట్లనకండ్రి సిస్టరమ్మా" అని చేతులు పట్టుకుంది. తర్వాత అడిగింది ఒక్కటే: "ఆ తల్లి పాలిస్తున్నదా?"

ఇప్పుడు మా వార్డుల్లో డ్యూటీ మారేటప్పుడు ఆయమ్మలు కూడా నిలబడతారు. ఏ మంచం దగ్గర ఏం చూశారో ముందు వాళ్లనే అడుగుతాం. చెప్పినవారి పేరు పుస్తకంలో రాస్తాం. కొత్త సిస్టర్లకు మొదట్లో ఇది నచ్చదు. మాకు మాత్రం నచ్చేదా?

ఈమధ్య ఒక రాత్రి కొత్తగా చేరిన ఆయమ్మ కేక వేస్తే అందరం పరుగెత్తాం. చూస్తే దుప్పటి మీద ఒలికిన బెటాడిన్ మరక. పాపం, సిగ్గుతో గోడకు ఆనుకొని నిలబడింది. "ఇంకోసారి అనుమానమొచ్చినా ఇట్లాగే పిలువమ్మా" అని చెప్పి, ఆమె పేరు కూడా రాశాం.