అలసిన గుండెకు మరచేయి

పటాన్‌చెరులో తెల్లవారేది సైరన్ మోతతోనే. నైట్‌షిఫ్టు దిగినవాళ్లు టీకొట్ల దగ్గర నిలబడితే, ఉదయం షిఫ్టువాళ్లు టిఫిన్ క్యారియర్లు పట్టుకుని కంపెనీ బస్సులెక్కుతుంటారు. పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్, రుద్రారం... ఎటు చూసినా అదే హడావుడి. ఆ హడావుడిలో ఛాతీలో కాస్త మంటగా అనిపిస్తే ‘గ్యాసేలే’ అనుకుని ఓ మాత్ర మింగి పనిలో పడిపోవడం మామూలే. నిజంగా గ్యాసే అయితే సరే. గుండెపోటయితేనే వస్తుంది చిక్కంతా!

రక్తం అందక చచ్చిపోయిన గుండె కండరం మళ్లీ పెరగదు. మనిషి బతికి బయటపడతాడు కానీ గుండెకు మునుపటి సత్తువ ఉండదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. సాయంత్రానికి కాళ్లవాపు. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం.

ఈ బలహీనతను కొలిచే అంకె ఒకటుంది. అదే ఇజెక్షన్ ఫ్రాక్షన్. గుండె ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు ఎంత శాతం బయటికి వెళుతోందో చెప్పే లెక్క అది. ఎకో పరీక్షలో తెలుస్తుంది. రిపోర్టులో 60 అని చూసి ‘గుండె అరవై శాతమే పనిచేస్తోందట’ అని హడలిపోయేవాళ్లూ ఉంటారు. నిజానికి 55 నుంచి 70 దాకా ఉంటే అది మంచి గుండే. 35కు పడిపోయిందంటే మాత్రం బాగా నీరసించినట్టు.

స్టెంటా... బైపాసా?

స్టెంటు మాట ఈ ప్రాంతానికి కొత్త కాదు. అబ్దుల్ కలాం, డాక్టర్ సోమరాజు కలిసి 1990ల్లో హైదరాబాద్‌లోనే ‘కలాం-రాజు స్టెంట్’ రూపొందించారు. పటాన్‌చెరుకు దగ్గర్లోని సుల్తాన్‌పూర్‌లో 2017లో వైద్య పరికరాల పార్కుకు శంకుస్థాపన జరిగింది. 2022లో అక్కడ సహజానంద్ సంస్థ స్టెంట్ల కర్మాగారం మొదలైంది.

అయితే అన్ని గుండెలకూ స్టెంటే మందు కాదు. రక్తనాళాలు పూడుకుపోయి, గుండె కూడా బలహీనపడ్డ 1,212 మందిపై ‘స్టిచ్’ పేరుతో ఓ పెద్ద అధ్యయనం జరిగింది. అందరి ఇజెక్షన్ ఫ్రాక్షనూ 35 లేదా అంతకన్నా తక్కువే. కొందరికి మందులే ఇచ్చారు. మిగతావారికి మందులతోపాటు బైపాస్ చేశారు. 2011లో వెలువడిన ఫలితాల్లో మొత్తం మరణాల విషయంలో స్పష్టమైన తేడా కనిపించలేదు. పదేళ్ల లెక్క 2016లో వచ్చింది. మందులే వాడినవారిలో 66.1 శాతం చనిపోతే, బైపాస్ అయినవారిలో 58.9 శాతం. అంటే నూటికి సుమారు ఏడుగురు అదనంగా దక్కారు. ఇలాంటి 700 మంది రోగులపై జరిగిన ‘రివైవ్డ్’ అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. మందులకు స్టెంట్లు తోడైనా అదనపు ప్రాణరక్షణ కనిపించలేదు.

కోత చిన్నది... కుట్టు పాతదే

బైపాస్‌కు వాడుకలోకి తెచ్చింది 1967లో అమెరికాలో పనిచేసిన అర్జెంటీనా సర్జన్ ఫావలోరో. మన దేశంలో తొలి బైపాస్ 1975లో చెన్నైలోని పెరంబూర్ రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం.చెరియన్ చేశారు. ఛాతీ ఎముకను నిలువునా కోసి తెరవడం ఆనాటి నుంచీ ఉన్న పద్ధతి. ఆ ఎముక అతుక్కోవడానికి రెండు, మూడు నెలలు పడుతుంది. అన్నాళ్లూ బరువులెత్తకూడదు. మెషీన్ మీద పనిచేసే కార్మికుడికి అది కుటుంబం గడవడానికి సంబంధించిన విషయం.

1998లో పారిస్ వైద్యులు రోబోతో బైపాస్ చేసి చూపారు. పక్కటెముకల మధ్య చిన్న రంధ్రాలు చేసి, కెమెరానూ సన్నటి పరికరాలనూ లోపలికి పంపుతారు. సర్జన్ కొంచెం దూరంలో కూర్చుని తెరమీద చూస్తూ వాటిని నడిపిస్తాడు. రోబో తనంతట తాను ఏమీ చేయదు. సర్జన్ చేతివణుకును వడగట్టి, అతని వేళ్ల కదలికలను లోపల చిన్నగా, కచ్చితంగా చేసిపెడుతుంది. ఛాతీగోడ లోపలి ధమనిని వేరుచేసి, గుండె ముందువైపు నాళానికి కుడతారు. చాలాసార్లు గుండెను ఆపకుండానే! ఎముక కోత లేదు కాబట్టి కోలుకోవడం త్వరగా ఉంటుంది. గురుగ్రామ్‌లో తయారయ్యే ‘మంత్ర’ రోబోతో 2025 జనవరిలో 286 కిలోమీటర్ల దూరంలోని జైపూర్ రోగికి గుండె శస్త్రచికిత్స కూడా చేశారు.

అందరికీ కాదు

పైన చెప్పిన ‘స్టిచ్’ ఫలితం ఛాతీ తెరిచి చేసిన బైపాస్‌ది, రోబోది కాదు. పైగా రోబో పద్ధతిలో ఒక ఊపిరితిత్తిని కాసేపు ముడుచుకోనిచ్చి, ఛాతీలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువు పంపుతారు. ఆ ఒత్తిడికి నీరసించిన గుండె తట్టుకోలేకపోవచ్చు. గుండె బాగా ఉబ్బితే లోపల పరికరాలు తిరగడానికి చోటూ చాలదు. అందుకే రోగిని ఎంచుకోవడమే ఇక్కడ అసలు నైపుణ్యం. కొందరికి ముఖ్యమైన నాళానికి రోబోతో బైపాస్ చేసి, మిగతావాటికి స్టెంట్లు వేస్తారు. మరికొందరికి పాత పద్ధతే క్షేమం.

కాబట్టి సర్జన్ దగ్గరికి వెళ్లినప్పుడు మొహమాటం వద్దు. ‘బలహీన గుండెలకు ఇలాంటివి ఎన్ని చేశారు? నాకు ఇదే ఎందుకు? మధ్యలో ఇబ్బంది వస్తే ఛాతీ తెరవడానికి సిద్ధంగా ఉంటారా?’ అని అడగాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో బైపాస్ ఉంది. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. ఈఎస్ఐ కార్డున్న కార్మికులకు రామచంద్రాపురంలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. రోబో ఖర్చు పథకంలో కలిసి ఉందో లేదో మాత్రం చేరేముందే తేల్చుకోవాలి.

ఆపరేషన్ ఏదైనా ఆ తర్వాత మందులు ఆపకూడదు. ఉప్పు తగ్గాలి, బీడీ, సిగరెట్ పూర్తిగా మానాలి. అన్నిటికన్నా ముందు, ఛాతీ పట్టేసినట్టుండి చెమటలు పోస్తే షిఫ్టు సంగతి పక్కనపెట్టి 108కి ఫోన్ చేయాలి. ఆ గంటలో కాపాడుకున్న కండరానికి ఏ రోబో అవసరమూ రాదు.