సూర్యుడి తుఫానుకు భూమి అదురుతుందా?

‘సూర్యుని మీద ఏదో పేలిందంట, మన కాడ భూమి అదురుతాదా సార్?’ అని నందికొట్కూరు నుంచి ఒక పాఠకుడు అడిగారు. అడగదగ్గ ప్రశ్నే. 2024 మే 10న రెండు దశాబ్దాల్లో ఎన్నడూ లేనంత పెద్ద అయస్కాంత తుఫాను వచ్చింది. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. అదే ఏడాది డిసెంబరు 4న పొద్దున 7.27కు ములుగు అడవుల్లో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చి హైదరాబాదు, విజయవాడల్లో కూడా జనాన్ని బయటికి పరుగెత్తించింది. రెంటికీ మధ్య ఏడు నెలల దూరం ఉంది. అయినా ముడిపెట్టేవాళ్లు ముడిపెడతారు.

తుఫానంటే ఏమిటో ముందు చూద్దాం. సూర్యుడి మీద విస్ఫోటనం జరిగినప్పుడు విద్యుదావేశమున్న కణాలు మేఘంలా ఎగిసివస్తాయి. అవి ఒకటి నుంచి మూడు రోజుల్లో మనల్ని చేరి, భూమి చుట్టూ వేల కిలోమీటర్ల ఎత్తున వలయంలా ఒక విద్యుత్ ప్రవాహాన్ని బలపరుస్తాయి. ఆ ప్రవాహం పుట్టించే అయస్కాంత క్షేత్రం మన నేల క్షేత్రానికి ఎదురు నిలుస్తుంది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్లకు చౌటుప్పల్‌లో అయస్కాంత పరిశీలన కేంద్రం ఉంది. అలాంటి చోట క్షేత్రం బలాన్ని చూపుతూ నమోదయ్యే గీత తుఫాను నాడు గభాలున కిందికి జారి, రోజుల తరబడి మెల్లగా పైకి లేస్తుంది.

జారేది ఎంత? మన ప్రాంతంలో భూ అయస్కాంత క్షేత్రం సుమారు 42,000 నానోటెస్లాలు. మే తుఫానులో ప్రపంచ సగటు తగ్గుదల 400 పైచిలుకు, అంటే నూటికి ఒక వంతు. ఫ్రిజ్ తలుపుకు అతికించే బొమ్మ వెనకున్న అయస్కాంతం, దానికి ఆనుకుని కొలిస్తే, ఈ తగ్గుదలకు వేల రెట్లు బలమైనది.

అయినా తుఫాను నేలను కదిపే దారి అసలే లేదని కొట్టిపారేయలేం. మారే అయస్కాంత క్షేత్రం నేలలో కరెంటును పుట్టిస్తుంది. 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్ చీకటైపోయింది అందుకే. ఆ కరెంటు రాళ్లలోకీ పోతుంది. క్వార్ట్జ్ లాంటి ఖనిజాలు విద్యుత్తు తగిలితే పిసరంత సాగుతాయి, ముడుచుకుంటాయి. 1970, 80లలో సోవియట్ శాస్త్రవేత్తలు మధ్య ఆసియా కొండల్లో నేలలోకి వేల ఆంపియర్ల కరెంటు పంపి చూశారు. తర్వాతి రోజుల్లో చిన్న చిన్న ప్రకంపనలు పెరిగాయని రాశారు. నా మటుకు, ఈ వాదానికి ఉన్న ఆధారాల్లో కాస్త బరువైనది ఇదే. కాకపోతే వాళ్లు కరెంటును తీగల గుండా నేరుగా నేలలోకి దింపారు. భూమధ్యరేఖకు దగ్గరున్న మనలాంటి చోట తుఫాను పుట్టించే కరెంటు కెనడాలో కంటే బాగా తక్కువ.

మరి తుఫాను వెనకే భూకంపం వచ్చినట్టు ఎందుకనిపిస్తుంది? లెక్క వేద్దాం. పదకొండేళ్ల సౌరచక్రంలో చిన్నదో పెద్దదో తుఫానున్న రోజులు సుమారు 900. అంటే నాలుగైదు రోజులకొకటి. ప్రపంచంలో 6, ఆపై తీవ్రత గల భూకంపాలు ఏడాదికి నూటికి పైనే, అంటే మూడు రోజులకొకటి. ఏ భూకంపాన్నైనా తీసుకుని ‘ముందు మూడు రోజుల్లో తుఫానుందా?’ అని వెతికితే చాలాసార్లు ఉండనే ఉంటుంది. వాటికి ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ అక్కర్లేదు.

ఈ చిక్కును దాటాలంటే మొత్తం రికార్డునంతా ముందేసుకోవాలి. శాస్త్రవేత్తలు జెఫ్రీ లవ్, జెరెమీ థామస్ 2013లో ఆ పని చేశారు. సూర్యమచ్చలు, సౌరగాలి వేగం, అయస్కాంత అలజడి వీటిని భూకంపాల జాబితాతో పోల్చి, చెప్పుకోదగ్గ సంబంధం లేదని తేల్చారు. 2020లో ఇటలీ పరిశోధకులు ఇరవయ్యేళ్ల ఉపగ్రహ సమాచారం తీసి, సౌరగాలిలో ప్రోటాన్లు పెరిగిన మర్నాడు పెద్ద భూకంపాలు ఎక్కువని వాదించారు. వాళ్లది నిజమే అనుకున్నా, అది చెప్పేది ప్రపంచం మొత్తం మీద రోజు గురించే. ఏ ఊరో చెప్పదు.

నందికొట్కూరు వాళ్లకు సూర్యుడికంటే దగ్గరి అనుమానితుడు శ్రీశైలం వెనకజలాలు. ఆ నీళ్లున్న పోతిరెడ్డిపాడు, ముచ్చుమర్రి వాళ్ల పక్కనే కదా. వంద మీటర్ల లోతు నీరు నిలిస్తే అడుగున చదరపు సెంటీమీటరుకు పది కిలోల అదనపు ఒత్తిడి పడుతుంది. పైగా నీరు పగుళ్లలోకి ఇంకి, బిగుసుకున్న రాళ్లను లోపలినుంచి ఎడంగా తోస్తుంది. మహారాష్ట్రలో కోయన జలాశయం నిండాక, 1967 డిసెంబరు 11న 6.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. శ్రీశైలం నిండిన నాలుగు దశాబ్దాల్లో అలాంటిది రాలేదు. కింద పగులు ముందే తెగడానికి సిద్ధంగా ఉంటేనే నీటి పని సాగుతుంది.

మరి మనకు ముప్పెంత? 2002 నాటి భూకంప ముప్పు మ్యాపులో కర్నూలు ప్రాంతం తక్కువ ముప్పున్న రెండో జోన్. అయితే 1993 సెప్టెంబరు 30న భూకంపంతో మహారాష్ట్రలోని లాతూరు కదిలినప్పుడు అది అప్పటి మ్యాపులో అన్నిటికన్నా తక్కువదైన ఒకటో జోన్‌లోనే ఉంది. దాదాపు పదివేలమంది పోయారు. ఎక్కువమంది మట్టితో కట్టిన లావుపాటి రాతి గోడలు, వాటి మీది మట్టి కప్పులు కూలి పోయారు. అటువంటి మిద్దెలు మన సీమ పల్లెల్లో ఇంకా చాలా ఉన్నాయి.