వనవాసుల ఓషధీజ్ఞానము – స్వత్వవిచారము

చరకసంహిత సూత్రస్థానపు ప్రథమాధ్యాయమున ఓషధుల నామరూపములను ఎరిగినవారు మేకల కాపరులు, గొఱ్ఱెల కాపరులు, గోపాలకులు, ఇతర వనవాసులు అని చెప్పబడినది. అయితే నామరూపజ్ఞానమాత్రము చాలదనియు, యోగమెరిగినవాడే తత్త్వవేత్త యనియు చరకుడు వెంటనే విభాగము చేసెను. నేటి విశ్వవిద్యాలయములలోను ఈ విభాగమే నడచుచున్నది. అడవిలో విన్నది సమాచారము. వ్యాసమున వ్రాసినది జ్ఞానము!

కేరళమునందలి అగస్త్యకూట ప్రాంతపు కాణి జాతివారి విషయము ఈ విభాగమును ప్రశ్నించుచున్నది. 1987లో పి. పుష్పాంగదన్ మున్నగు శాస్త్రజ్ఞులకు ఆ కొండలలో దారి చూపిన కాణీలు ఏవో చిన్న పండ్లు తినుచు అలసట లేక నడచిరి. అడుగగా మొదట చెప్పుటకు సమ్మతింపలేదు. ఆ మొక్క 'ఆరోగ్యపచ్చ'. ఆకులను పరీక్షించి, మరి మూడు ఓషధులు చేర్చి 'జీవని' అను మందును కూర్చుట శాస్త్రజ్ఞుల కృషి. కాని ఆ మొక్క శ్రమహరమనియు, దానిని ఎప్పుడు తినవలెననియు ఎరిగినవారు కాణీలే. చరకుడు శ్రమహరద్రవ్యములకు ప్రత్యేకముగా ఒక వర్గమునే ఏర్పరచెను. కావున వారికి తెలిసినది నామరూపములు మాత్రమే యనుట చెల్లదు; వినియోగమును వారిదే.

1995లో తిరువనంతపురపు ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధనసంస్థ ఈ మందు తయారీహక్కును కోయంబత్తూరు ఆర్యవైద్య ఫార్మసీకి ఏడేండ్లకు ఇచ్చెను. రుసుము 10 లక్షల రూపాయలు, అమ్మకముపై 2 శాతము రాయల్టీ. అందు సగము కాణీలకు ఇచ్చుటకు సంస్థ నిశ్చయించెను. 1997లో వారి ట్రస్టు ఏర్పడెను. ఆ కాలమునకు ఇది మెచ్చదగిన పనియే. అయినను ఒప్పందమున కాణీలు పక్షము కారు. వారి వైద్యులైన 'ప్లాతి'లలో కొందరు తమ విద్యను అమ్ముటకు అభ్యంతరము తెలిపిరి. భాగమిచ్చుట వేరు, స్వత్వమును అంగీకరించుట వేరు.

ఇక్కడ విజ్ఞానేశ్వరుడు స్మరణీయుడు. మితాక్షర దాయవిభాగప్రకరణమున ఆయన స్వత్వము లౌకికమే గాని శాస్త్రైకసమధిగమ్యము కాదని సిద్ధాంతము చేసెను. శాస్త్రవ్యవహారమెరుగని ప్రత్యంతవాసులయందును స్వత్వవ్యవహారము కనబడుచున్నదని ఆయన చూపిన హేతువు. అనగా పత్రము పుట్టకమునుపే స్వత్వమున్నది. 2006 నాటి అటవీహక్కుల చట్టము మూడవ సెక్షనున జీవవైవిధ్యమునకు, సాంస్కృతిక వైవిధ్యమునకు సంబంధించిన సంప్రదాయజ్ఞానముపై సముదాయమునకు హక్కు కలదని చెప్పుటయు దీనికి అనుగుణమే. 2013లో సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి నియమగిరిపై సమావేశమైన 12 గ్రామసభలును బాక్సైటు త్రవ్వకమును నిరాకరించినవి. ఆ నిరాకరణము చెల్లినది.

నిఘంటువులలోని ఓషధులను గుర్తించుటకై నల్లమల చెంచులను, మన్యపు కోయలను అడుగు పరిశోధకునకు కర్తవ్యము స్పష్టము. ప్రకటింపవచ్చునా యని ముందుగా సముదాయమును అడుగవలెను. వలదన్నదానిని వ్రాయరాదు. అంగీకరించినచో చెప్పినవారి పేరు వ్యాసమున ఆచార్యుల పేళ్లతో సమానముగా నిలుపవలెను. మొక్క పేరును వారు పలికిన రూపముననే, సంస్కృతీకరింపక, వ్రాయవలెను.