ఆఖరి కొస ఎక్కడ?

హోసూరు డిసెంబరు చలికి మా అబ్బాయి బండి మొరాయించింది. పరీక్షకు ముప్పావు గంటే ఉంది. కిక్కరు లేని బండి. సెల్ఫ్ నొక్కితే టిక్కుటిక్కుమనడమే. నేను కారు స్టార్టు చేసి వైర్లు తీశాను. ఎదురింటి మెకానిక్ పరుగెత్తుకొచ్చాడు.

"ముందు కారు ఆపండి సార్! ఆగిన కారు బ్యాటరీయే మీ బండికి ఎక్కువ."

రెండూ 12 వోల్టులవే. (6 వోల్టుల పాత బండ్లకు ఈ పని కూడదు.) ఎర్ర వైరు బండి ప్లస్సుకు, రెండో కొస కారు ప్లస్సుకు. నల్లది కారు మైనసుకు. దాని చివరి కొస మాత్రం బండి బ్యాటరీకి కాదు, దూరంగా ఇంజను మీది రంగులేని లోహానికి. ఆఖర్న తగిలించేచోట నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ వదిలే హైడ్రోజన్‌కు అది అంటుకుంటే పేలుడే. లెడ్జరులో ప్లస్సు మైనసు తారుమారైతే మర్నాడు దిద్దుకోవచ్చు, ఇక్కడ ఆ వెసులుబాటు లేదు.

బండి అందుకుంది. తగిలించిన వరుసకు ఎదురుగా ఒక్కొక్కటే విప్పాం.

"దారిలో ఆపకురా!" అంటూ మా ఆవిడ గేటు దాకా వెళ్ళింది.