దుబాయి పెట్టెలో వచ్చిన కెమెరా

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల చుట్టుపక్కల పల్లెల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడకట్టు దొరకడం కష్టం. 2005 తర్వాత కొన్నేళ్ళపాటు, సెలవు మీద వచ్చిన మనిషి పెట్టె విప్పితే సెంటు సీసాలు, తలనొప్పి బామ్‌లు, మెత్తటి చెద్దర్లు, టార్చిలైట్లు, పిల్లల చాక్లెట్లు వరసగా బయటికొచ్చేవి. అన్నిటికన్నా అడుగున, బట్టల మడతల్లో చుట్టిన వస్తువు తీసేసరికి ఇల్లంతా చుట్టూ మూగేది. అరచేతిలో ఇమిడే వెండి రంగు డిజిటల్ కెమెరా అది. మీట నొక్కితే కటకం గొట్టం సన్నగా గుర్రుమంటూ ముందుకు సాగేది, వెనక తెర మీద ఇంట్లోవాళ్ళే కదులుతూ కనిపించేవాళ్ళు.

అంతకుముందు ఫోటో అంటే స్టూడియోనే. పెండ్లికి, పాసుఫోటోకు, బడిలో గ్రూపు ఫోటోకు అక్కడికే పోవాలి, లేదా ఫోటోగ్రాఫర్‌నే ఇంటికి పిలిపించుకోవాలి. ఇంట్లో రీలు కెమెరా ఉన్నా ఒక రీలుకు 36 బొమ్మలే. రీలు కొన్న ఖర్చు, కడిగించిన ఖర్చు, ప్రింటు ఖర్చు కలిపి ప్రతి నొక్కుకూ ధర ఉండేది. అందుకే కెమెరా ఇంటి పెద్దమనిషి చేతిలో ఉండేది, పిల్లలు ముట్టుకుంటే దెబ్బలు పడేవి. డిజిటల్ కెమెరా వచ్చాక ఆ ధర పోయింది. భర్త షార్జాలోనో మస్కట్‌లోనో ఉంటే, ఇక్కడ బీడీలు చుట్టి ఇల్లు నడిపే ఇల్లాలు తన బిడ్డ తొలి అడుగులను తానే ఫోటో తీసింది. నచ్చకపోతే చెరిపేసి మళ్ళీ తీసింది. నెలకోసారి ఆ కార్డు తీసుకుపోయి స్టూడియోలో సీడీ కొట్టించి, దుబాయి పోయేవాళ్ళ చేతికిచ్చి పంపింది. ఈ యంత్రం చేసిన పనుల్లో నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది ఇదే. ఎవరి ముఖం, ఎప్పుడు, ఎట్లా నిలవాలో తేల్చే హక్కు దాంతో ఇంటి ఆడవాళ్ళ చేతికి వచ్చింది.

కోరుట్లకు ఫోటో విద్య కొత్తదేమీ కాదు. తెలుగు నేల మీద ఫోటోగ్రఫీని కళగా నిలబెట్టిన వాళ్ళలో ఒకరైన బండి రాజన్ బాబు 1939లో పుట్టింది ఈ ఊళ్ళోనే. నీడా వెలుగులతో చిత్రకారుడిలా బొమ్మకట్టిన మనిషి ఆయన. హైదరాబాద్‌లో ఎందరికో ఆ విద్య నేర్పి 2011లో కన్నుమూశారు. ఆయన తరానికి ఫోటో అంటే చీకటి గదిలో రసాయనాల మధ్య నెమ్మదిగా తేలే బొమ్మ. ఆ చీకటి గదినే అక్కర్లేకుండా చేసిన యంత్రం ఎక్కడ పుట్టిందో ఇప్పుడు చూద్దాం.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక గంట చర్చలో ఒక పరికరం నమూనా గీశారు. అప్పుడు వాళ్ళ మనసులో ఉన్నది కెమెరా కాదు, కంప్యూటర్‌కు కొత్తరకం జ్ఞాపకశక్తి. సిలికాన్ మీద వెలుగు పడితే ఎలక్ట్రాన్లు విడివడతాయి. ఆ ఎలక్ట్రాన్లను చిన్న చిన్న గళ్ళలో పట్టి ఉంచి, ఒక గడి నుంచి పక్క గడికి జరుపుకుంటూ పోవడమే వాళ్ళ ఆలోచన. ఇంటి స్లాబు పోసే రోజు కూలీలు వరసగా నిలబడి మాలు తట్టలను చేతులు మార్చుకుంటూ అందిస్తారు చూడండి, సరిగ్గా అట్లాగే. ఫోటో తీసిన క్షణంలో ప్రతి గడిలోనూ పడిన వెలుగును బట్టి కొన్ని ఎలక్ట్రాన్లు చేరతాయి. తర్వాత ఒక్కో వరసా కింది వరసలోకి దిగుతుంది, అట్టడుగు వరస ఒక్కో గడిగా పక్కకు జరుగుతుంది. చివరన ఒకే చోట అన్ని తట్టలనూ కొలిచి అంకెలుగా మారుస్తారు. దీనికే సీసీడీ అని పేరు. ఆ ఇద్దరికీ 2009లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది.

కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు 1975 డిసెంబర్‌లో ఆ చిప్‌తో మొదటి డిజిటల్ కెమెరాను కట్టాడు. బరువు సుమారు మూడున్నర కిలోలు. నిలువున 100, అడ్డంగా 100, మొత్తం 10,000 చుక్కల నలుపు తెలుపు బొమ్మ. దాన్ని క్యాసెట్ టేపు మీద రాసుకోవడానికి 23 సెకన్లు పట్టేది, చూడాలంటే టీవీకి తగిలించాలి. కంపెనీ బతుకు ఫిల్ము మీద ఉంది, కాబట్టి పైవాళ్ళు తొందరపడలేదు. చివరికి 2012 జనవరిలో ఆ కంపెనీయే దివాలా రక్షణ కోరింది.

సిలికాన్‌కు రంగులు తెలియవు, వెలుగు ఎంత పడిందన్నదే తెలుస్తుంది. కొడాక్‌లోనే పనిచేసిన బ్రైస్ బేయర్ ఆ చిక్కు విడదీశాడు. గళ్ళ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం అద్దాలు పరిచాడు. మన కంటికి ఆకుపచ్చ దగ్గర చూపు ఎక్కువ కాబట్టి సగం గళ్ళకు ఆకుపచ్చే ఇచ్చాడు. 1976లో పేటెంట్ పొందిన ఆ అమరికే మీ జేబులోని ఫోన్లోనూ ఉంది.

ఇక తెలుగు పాఠకులు గుర్తు పెట్టుకోవలసిన పేరొకటి. ఏడు మెగాపిక్సెళ్ళ బొమ్మను ఉన్నదున్నట్టు దాస్తే 21 ఎంబీ అవుతుంది. కెమెరా దాన్ని మూడు ఎంబీలోపు కుదిస్తేనే 1 జీబీ కార్డులో మూడు వందల పైచిలుకు ఫోటోలు పడతాయి. బొమ్మను ఎనిమిది చుక్కలు నిలువు, ఎనిమిది అడ్డం ఉండే గళ్ళుగా కోసి, కంటికి పెద్దగా తెలియని సన్నని వివరాన్ని వదిలేయడమే ఆ కుదింపు. దానికి పునాది డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణితం. బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్ 1972లో ఈ ఆలోచనకు నిధులు అడిగితే అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ ఇవ్వలేదు. అయినా వదలక 1974 జనవరిలో టి. నటరాజన్, కె.ఆర్. రావులతో కలిసి ప్రచురించారు. ఆ రావు గారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహన్ రావు. మద్రాసు గిండీ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి టెక్సాస్‌లో జీవితమంతా పాఠం చెప్పారు. 1992లో వచ్చిన జేపెగ్ ప్రమాణం ఈ గణితం మీదే నిలబడింది. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు కనిపించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

1995లో క్యాసియో కంపెనీ క్యూవీ-10 అనే కెమెరాకు వెనక చిన్న తెర పెట్టింది. తీసిన బొమ్మను అక్కడికక్కడే చూసుకునే అలవాటు అప్పటినుంచి మొదలు. ఆ తర్వాత కానన్, నికాన్, సోనీ, ఒలింపస్ పోటీ పడి యంత్రాన్ని చొక్కా జేబుకు సరిపోయేట్టు చేశాయి.

మా ఇంటి కెమెరా కానన్ ఏ-సిరీస్‌ది. పెన్సిల్ సెల్లులు రెండు వేస్తే నడిచేది. ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి కదా అని అదే ఎంచుకున్నాం. తీరా కొట్టు సెల్లులు వేస్తే నాలుగు ఫ్లాష్‌లకే కెమెరా బ్యాటరీ అయిపోయిందనేది. అవే సెల్లులను గోడ గడియారంలో వేస్తే నెలల తరబడి నడిచేవి. సెల్లులో శక్తి ఉంది, కానీ మామూలు జింక్-కార్బన్ సెల్లుకు లోపలి నిరోధం ఎక్కువ. ఫ్లాష్ నింపుకోవడానికి, కటకం మోటారు తిప్పడానికి కెమెరా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ క్షణంలో వోల్టేజి కుంగిపోతుంది. గడియారం లాగేది చాలా తక్కువ. ఛార్జింగ్ పెట్టుకునే నికెల్ సెల్లులు తెచ్చాకే ఆ కెమెరా పెండ్లి మొత్తం తట్టుకుంది.

లోపల వెలుగు పట్టే చిప్‌ను సెన్సరు అంటారు. దాని వెడల్పు సుమారు 6 మిల్లీమీటర్లు, ఎత్తు నాలుగున్నర. రీలు ఫోటో విస్తీర్ణంలో దాదాపు 30వ వంతు. ఒక్కో గడి రెండు మైక్రాన్లకు అటూ ఇటూ. చిన్న సెన్సరుకు చిన్న కటకం చాలు, అందుకే ముందు కూర్చున్న నాయనమ్మ నుంచి వెనక గోడ మీది క్యాలెండర్ దాకా అన్నీ స్పష్టంగా పడతాయి. ఆ క్యాలెండర్లు, ఆ గోడలు, మూలనున్న బీడీ ఆకుల చాట ఇవాళ మనకు చరిత్ర. పెద్ద కెమెరాతో తీసి ఉంటే అవన్నీ మసకబారి ఉండేవి.

కానీ చీకటి పడితే ఆ బుల్లి గళ్ళకు వెలుగు చాలదు. ఫ్లాష్ కొట్టాలి, అది మూడు నాలుగు మీటర్లకు మించి పోదు. సద్దుల బతుకమ్మ రాత్రి తీసిన ఫోటోలు చాలా ఇళ్ళలో ఉంటాయి, బాగా చూడండి. ఆడపడుచుల తలల మీద తెల్లటి గుండ్రటి మచ్చలు తేలుతుంటాయి. కొందరు అమ్మవారు వచ్చిందన్నారు, కొందరు గాలి అని భయపడ్డారు. అది ఆడేవాళ్ళ కాళ్ళ కింద లేచిన దుమ్ము. చిన్న కెమెరాలో ఫ్లాష్ కటకానికి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. కటకం ముందర ఎగిరే దుమ్ము రేణువు మీద ఆ వెలుగంతా పడి నేరుగా వెనక్కి వస్తుంది. మరీ దగ్గరగా ఉండటంతో ఫోకస్ కుదరక గుండ్రటి బిళ్ళలా పరుచుకుంటుంది.

కళ్ళు ఎర్రగా పడటానికీ కారణం ఫ్లాష్ కటకానికి అంత దగ్గరగా ఉండటమే. చీకట్లో విప్పారిన కంటిపాపలోంచి వెలుగు లోపలికి పోయి, రెటీనా వెనకున్న నెత్తురు పొర రంగును మోసుకుని తిన్నగా కటకంలోకి వస్తుంది. దానికి విరుగుడుగా కెమెరా ముందు ఒక చిన్న వెలుగు కొట్టి పాపలను ముడుచుకునేట్టు చేసి, తర్వాత అసలు ఫ్లాష్ కొడుతుంది. మొదటి వెలుగుకే "అయిపోయింది గదా" అని మా వాళ్ళు లేచేవాళ్ళు. "జర ఆగుండ్రి, ఇంకా పడలే!" అని అరుస్తుండగానే రెండోది పడేది. సగం లేచిన మేనత్తలు, పక్కకు తిరిగిన బావలు మా ఆల్బమ్ నిండా ఉన్నారు.

ఈ కెమెరాలకు గల్ఫ్ ఇసుక పెద్ద శత్రువు. గొట్టం సందులో ఒక్క రేణువు ఇరుక్కుంటే కటకం బయటికీ రాదు, లోపలికీ పోదు. తేమ, వేడి కూడా అంతే. 2005లో కొన్ని సీసీడీ చిప్‌లలో సన్నని తీగల అతుకులు వేడి, తేమలకు ఊడి బొమ్మలు వంకరపోతున్నాయని తేలి, ఎన్నో కంపెనీలు ఉచితంగా బాగుచేసి ఇవ్వాల్సి వచ్చింది.

జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్క ప్రకారం 2010లో ప్రపంచానికి పంపిన డిజిటల్ కెమెరాలు 12 కోట్ల పైన. వాటిలో 10 కోట్లకు పైగా ఈ చిన్న కెమెరాలే. 2023 నాటికి చిన్న కెమెరాల లెక్క 17 లక్షలకు పడిపోయింది. ఫోన్లలోని కెమెరాలే దీనికి కారణం. ఎరిక్ ఫోసమ్ 1990లలో నాసా ప్రయోగశాలలో, ప్రతి గడి పక్కనే దాని కొలత పరికరాన్ని పెట్టి, తక్కువ కరెంటుతో నడిచే సీమాస్ సెన్సరును తయారుచేశాడు. అదే ఫోన్లలోకి చేరింది. 4జీ వచ్చాక కోరుట్ల ఇల్లాలు సీడీ కొట్టించడం మానేసి ఇమోలో నేరుగా భర్త ముఖం చూసింది. ఇది మంచికే జరిగింది. ఈ మధ్య కుర్రకారు పాత చిన్న కెమెరాలను వెతికి కొంటున్నారు, 2024లో అమ్మకాలు కాస్త పైకి లేచాయి కూడా. ఫోన్లోని ఫోటోలు దాచుకునే డీసీఐఎం ఫోల్డర్ మాత్రం 1998లో ఈ కెమెరాల కోసం జపాన్‌లో రాసిన నియమమే, ఇంకా మారలేదు.

చివరగా ఒక మనవి. ఆ కెమెరా మీ బీరువాలోనో ట్రంకు పెట్టెలోనో ఉండే ఉంటుంది. కార్డులో ఫోటో అంటే సన్నని పొర వెనక బంధించిన ఎలక్ట్రాన్లు. తయారీదారులు మామూలుగా వాటికి చెప్పే నిలువ పదేళ్ళు, ఎండాకాలం రేకుల ఇంట్లో ఇంకా తక్కువ. ఆ గడువు ఎప్పుడో దాటింది. ముందు సెల్లులు తీసేయండి, కారి ఉంటే కెమెరా పాడవుతుంది. ఉబ్బిన బ్యాటరీని ఛార్జింగ్ పెట్టొద్దు. కార్డును విడిగా రీడర్‌లో పెట్టి చూడండి. ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే వద్దనండి. పొరపాటున చెరిపిన ఫోటోలు కూడా వాటి చోటులో కొత్తది రాయనంతవరకు చాలాసార్లు లోపలే ఉంటాయి, కాబట్టి అదే కార్డుతో కొత్త ఫోటో తీయొద్దు, రికవరీ తెలిసిన వాళ్ళకు చూపించండి. స్టూడియో సీడీలు కూడా ఇప్పుడే కాపీ చేయండి, వాటి మీది రంగు పొర కూడా మాసిపోతుంది. దొరికినవన్నీ రెండు చోట్ల దాచండి. ఇంట్లో అందరికీ కావలసినవి ఓ పాతిక ఎంచి ప్రింటు వేయించి, వెనక పేర్లు, ఊరు, సంవత్సరం రాయండి. పేర్లు గుర్తుపట్టగల పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగానే ఆ పని చేయండి.