లక్షన్నర పెట్టి కొనే వెలుతురు

కాంతి తరంగమా, కణమా అన్న పాఠం నడుస్తుంటే వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "సార్, లక్షన్నర ఫోన్లో ఇంకాస్త మంచి ఫోటాన్లు పడతాయా?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను గానీ, మా ఇంటర్ పుస్తకంలో పాఠం చివరి ప్రశ్నల కన్నా ఇదే మేలైన ప్రశ్న. ఫోటాన్లు అందరికీ ఒకటే. ఎన్నింటిని పట్టుకుంటున్నామన్న దాంట్లోనే ఉంది తేడా అంతా.

ధరల సంగతి మీకు తెలిసిందే. 2017లో ఐఫోన్ టెన్ మన దగ్గర 89,000 రూపాయలకు దిగితే జనం ముక్కున వేలేసుకున్నారు. 2023లో ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్ మొదటి రకమే 1,59,900. 2024లో శాంసంగ్ ఎస్24 అల్ట్రా 1,29,999. అందులో 18 శాతం జీఎస్టీ ఉంటుంది కాబట్టి, లక్షన్నర ఫోనులో దాదాపు 23 వేలు సర్కారుకే పోతాయి. మిగతా డబ్బులో టైటానియం అంచులకు ఎంత, స్క్రీనుకు ఎంత అన్న లెక్క మీద నాకంత ఆసక్తి లేదు. వాట్సాప్ మెసేజీ పదిహేను వేల ఫోన్లోనూ అంతే తొందరగా వస్తుంది. అమ్మేవాళ్లు కూడా ప్రకటనల్లో ముందు చూపించేది కెమెరానే కనుక, అంత ధర అవసరమా అన్న తగవు అక్కడే తేల్చుకుందాం.

వాన పడుతున్నప్పుడు వాకిట్లో ఒక చెంబూ, పక్కన ఒక గంగాళమూ పెట్టారనుకోండి. గంగాళంలో నిమిషంలో పడే నీళ్లు చెంబులో పడాలంటే చాలాసేపు ఆగాలి. ఆగితే మాత్రం పడతాయి. కెమెరా సెన్సరు మీద ఫోటాన్లు పడేదీ ఈ లెక్కలోనే. మూతి వెడల్పు పెంచడం ఒక దారి, ఎక్కువసేపు పట్టడం రెండో దారి. మొదటిదానికి డబ్బు కావాలి, రెండోదానికి లెక్కలు కావాలి.

అసలు ఎక్కువ ఫోటాన్లు ఎందుకు కావాలంటే, అవి వరసలో నిలబడి రావు. సగటున 100 పడాల్సిన చోట ఒకసారి 92 పడతాయి, ఇంకోసారి 109. ఈ హెచ్చుతగ్గు సుమారుగా సగటుకు వర్గమూలమంత ఉంటుంది. 100కి 10, అంటే 10 శాతం. 10,000కి 100, అంటే 1 శాతమే. చీకట్లో తీసిన ఫోటోలో గోడంతా చుక్కలు చుక్కలుగా కనిపించేది చాలావరకు ఇందుకే. సెన్సరును ఎంత తిట్టుకున్నా లాభం లేదు, వెలుతురు స్వభావమే అది.

ఈ సెన్సరు పుట్టింది ఫోన్ల కోసం కాదు. 1990ల మొదట్లో నాసా వారి జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ అంతరిక్ష నౌకల కెమెరాలను చిన్నవి చేసే పనిలో ఉన్నారు. అప్పటిదాకా రాజ్యమేలిన సీసీడీ రకం సెన్సరులో ఒక్కో పిక్సెల్‌లో పడిన విద్యుదావేశాన్ని పక్క పిక్సెల్‌లోకి, అక్కడి నుంచి ఆ పక్కదానిలోకి జరుపుకుంటూ మూలకు తెచ్చి కొలిచేవారు. అంతరిక్షంలో రేడియేషన్ తగిలి సిలికాన్ దెబ్బతింటే దారిలోనే కొంత ఆవేశం జారిపోయేది. పైగా కరెంటు ఖర్చు. ఫోసమ్ బృందం ప్రతి పిక్సెల్‌కూ దాని సొంత యాంప్లిఫయర్ పెట్టి, ఎక్కడిదక్కడే కొలిచే సీమోస్ సెన్సరును పనిలోకి తెచ్చింది. మామూలు కంప్యూటర్ చిప్పులు చేసే పద్ధతిలోనే చేయొచ్చు కాబట్టి చవక, కరెంటూ తక్కువ. ఈ కథకు కావలసిన ఇంకో గుణం కూడా దానికుంది: చకచకా చదివేయొచ్చు. సెకనుకు ముప్ఫై సార్లు చదివినా దానికి అలుపు రాదు.

2000లో జపాన్‌లో షార్ప్ కంపెనీ ఫోనులోకి కెమెరా వచ్చింది, లక్షా పది వేల పిక్సెళ్లతో. ఆ తర్వాతి పదేళ్ల మెగాపిక్సెల్ గోల మీకూ గుర్తుండే ఉంటుంది, దాన్ని దాటేద్దాం.

గంగాళం పక్షాన దిగింది ఫిన్లాండ్ నోకియా. 2012లో వాళ్లు తెచ్చిన 808 ప్యూర్‌వ్యూలో 4.1 కోట్ల పిక్సెళ్ల సెన్సరు. అప్పటి ఫోన్లలో అంత పెద్ద సెన్సరు మరొకటి లేదు. అది పట్టడానికి కెమెరా ఉన్న చోట ఫోను దాదాపు 18 మిల్లీమీటర్ల మందం తేలింది. చొక్కా జేబులో పెట్టుకుంటే జేబు వేలాడాల్సిందే. అన్ని పిక్సెళ్లున్నా మామూలుగా వాడినప్పుడు ఫోటో 50 లక్షల పిక్సెళ్లదే వచ్చేది. పక్కపక్కనున్న ఏడు పిక్సెళ్ల వెలుతురును కలిపి ఒక్కటిగా లెక్కగట్టడం దాని కిటుకు. ఫోటోలు అద్భుతంగా ఉండేవి. పాపం ఆ కెమెరాను మోసింది సింబియన్ సాఫ్ట్‌వేర్. దాన్ని వదిలేసి విండోస్‌కు మారుతున్నామని నోకియా అంతకు ముందు ఏడాదే చెప్పేసింది. ఇల్లు ఖాళీ చేస్తూ హాల్లో కొత్త షాండిలియర్ వేలాడదీశారన్నమాట.

చెంబు పక్షం వాళ్లకు చెంబు తప్ప గతిలేదు. గూగుల్ కళ్లజోడు కోసం కెమెరా కావాలి. కళ్లజోడులో పెద్ద సెన్సరుకు చోటెక్కడిది? అక్కడున్న మార్క్ లెవోయ్ స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ గ్రాఫిక్స్ ప్రొఫెసర్. అంతకు ముందు ఫ్లోరెన్స్ వెళ్లి మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహాన్ని లేజర్‌తో అంగుళమంగుళం కొలిచిన మనిషి. పలు ఫోటోలను ఒకటిగా కలపడానికి ఆయన బృందం చేసిన హెచ్‌డీఆర్ ప్లస్ 2013లో కళ్లజోడు నుంచి నెక్సస్ 5 ఫోనులోకి, తర్వాత పిక్సెల్ ఫోన్లలోకి వచ్చింది.

దాని పనితనం చూడండి. పిక్సెల్‌లో కెమెరా యాప్ తెరిచిన క్షణం నుంచీ ఫోను ఫోటోలు తీస్తూనే ఉంటుంది. పాతవి చెరిపేస్తూ కొత్తవి మెమరీలో ఉంచుకుంటుంది. మీరు బటన్ నొక్కితే, తీసిన వాటిలో చివరి కొన్నింటిని పారేయకుండా పక్కన పెడుతుంది. ప్రతి ఫ్రేమూ కావాలనే చీకటిగా తీసినదే, కిటికీ బయటి ఆకాశం తెల్లగా మాడిపోకుండా. దాంతో నీడలోని మొహం నల్లగా, చుక్కలతో వస్తుంది. రావచ్చు, పరవాలేదు. అలాంటివి తొమ్మిది ఒకదాని మీద ఒకటి కలిపితే 100 ఫోటాన్లు 900 అవుతాయి, హెచ్చుతగ్గు 30 అవుతుంది. 10 శాతం కాస్తా 3.3 శాతానికి దిగింది. ఇప్పుడు నీడ ఉన్నచోట వెలుతురు ఎంత పెంచినా మొహం నున్నగానే ఉంటుంది.

అయితే చేయి వణుకుతుంది, ఎదుటివాళ్లు కదులుతారు. తొమ్మిదీ గుడ్డిగా కలిపేస్తే ఒక్కొక్కరికి మూడేసి ముక్కులు వస్తాయి. అందుకే ముందు తొలి ఫ్రేముల్లో అన్నిటికన్నా స్ఫుటంగా ఉన్నదాన్ని ఎంచుకుని, దాన్ని చిన్న చిన్న గళ్లుగా కోస్తుంది. ప్రతి గడికీ సరిపడే ముక్క మిగతా ఫ్రేముల్లో ఎక్కడికి జరిగిందో వెతికి పక్కకు తెస్తుంది. తెచ్చాక వెంటనే కలపదు. రెండింటికీ తేడా ఎంతుందో చూస్తుంది. ఆ తేడా వర్గమూలం లెక్క ఒప్పుకునేంత ఉంటే, అది ఫోటాన్ల హెచ్చుతగ్గే, కలిపెయ్. అంతకు మించి ఉంటే అక్కడ ఏదో కదిలింది, దాన్ని పట్టించుకోకు. నన్ను కట్టిపడేసింది ఈ ఒక్క మెట్టే. ఏ చుక్కల పీడ వదిలించుకోవాలని ఇంత కథ మొదలుపెట్టారో, ఆ పీడ ఎంతుంటుందో ముందే తెలియడం వల్లే కదలికను గుర్తుపట్టగలుగుతున్నారు. రోగమే థర్మామీటరయింది.

వణికే చేతిని కూడా వాడుకున్నారు. సెన్సరులో ఒక్కో పిక్సెల్ ఎరుపో, ఆకుపచ్చో, నీలమో ఒక్క రంగునే చూస్తుంది, మిగతా రెండూ పక్కవాటిని చూసి ఊహించుకోవాల్సిందే. చేయి రవ్వంత కదిలితే గోడ మీది అదే చుక్క ఈసారి వేరే రంగు పిక్సెల్ మీద పడుతుంది. అలా కొన్ని ఫ్రేములయ్యేసరికి ఊహించే పని తగ్గి, జూమ్ చేసిన అక్షరాలు కూడా స్ఫుటంగా వస్తాయి. మరి ఫోనును కదలకుండా ట్రైపాడ్ మీద పెడితే? వణుకును అణచడానికి లెన్సుకు కట్టిన యంత్రాంగంతోనే లెన్సును కావాలని కాస్త వణికిస్తుంది.

ఇక డబ్బు సంగతికి వద్దాం. 2018లో పోకో ఎఫ్1 20,999 రూపాయలకు వచ్చింది. గూగుల్ పిక్సెల్ 3 ధర 71,000. రెండింటి వెనకా ఉన్నది సోనీ ఐఎంఎక్స్363 అనే ఒకే సెన్సరు. సంగతి కనిపెట్టిన కుర్రాళ్లు గూగుల్ కెమెరా యాప్‌ను అటూ ఇటూ మార్చి పోకోలో ఎక్కించేశారు. మన దేశంలో ఎన్ని హాస్టల్ గదుల్లో ఈ పని జరిగిందో! మరుసటి ఏడాది గూగులే అదే వెనక కెమెరాతో పిక్సెల్ 3ఏ తెచ్చింది, అమెరికాలో 799 డాలర్ల ఫోను పక్కన 399కి. అంటే ఆ ఏడాదికి జవాబు తేలిపోయింది. మంచి ఫోటోకు రెండింతలు పెట్టక్కర్లేదు.

ఇప్పుడు? ఆ సోనీ సెన్సరు వైశాల్యం సుమారు 24 చదరపు మిల్లీమీటర్లు. షావోమి 14 అల్ట్రాలో ఉన్న అంగుళం రకం సెన్సరుది సుమారు 129, ఐదు రెట్లకు కాస్త పైనే. ఐఫోన్, శాంసంగ్ పెద్ద ఫోన్లవి మూడు రెట్లుంటాయి. సెన్సరు పెరిగితే ఒక సిలికాన్ పళ్లెంలో పట్టే ముక్కలు తగ్గుతాయి, లెన్సు అన్ని వైపులా పెరగాలి, వీపున బుడిపె లేస్తుంది. ధర పెరగడానికి ఇదొక నిజమైన కారణం. కానీ కదలని వస్తువు ఎదురుగా ఉంటే చిన్న సెన్సరు ఐదు ఫ్రేములు కలిపితే చాలు, దాదాపు సమానం.

పోయిన దసరాకు మా బావమరిది ఫోను తీసుకున్నాను. కొన్నప్పటి నుంచి ఎవరి చేతికీ ఇవ్వని లక్షన్నర ఫోను అది. పక్కన నా పాత ఫోను. ముందు బొమ్మల కొలువు. రెండు దీపాలు తప్ప లైట్లు ఆర్పేసి తీశాం. ఏనుగు అంబారీ మీది గీతలు, దశావతారాల వెనక నీడలు రెండింట్లోనూ ఒకేలా ఉన్నాయి. ఏది ఏ ఫోనుదో మా అత్తయ్య పోల్చుకోలేకపోయింది, బావమరిది కూడా తప్పే చెప్పాడు. సాయంత్రం వీధి చివర ట్యూబులైట్ల కింద బతుకమ్మ. ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ వంగి చప్పట్లు కొడుతుంటే తీశాం. నా ఫోటోను పెద్దది చేసి చూస్తే మధ్యలో ఉన్న బతుకమ్మ మీద తంగేడు పూలు స్పష్టంగా ఉన్నాయి, వెనక కరెంటు స్తంభం నున్నగా ఉంది. చప్పట్లు కొట్టే చేతుల్లో మాత్రం గాజులు లేవు. గోరింటాకు ముద్దయిపోయింది. గళ్ల లెక్క చెప్పినట్టే జరిగింది. చేతులున్న గళ్లలో మిగతా ఫ్రేములన్నీ తిరస్కరించబడి ఒక్కటే మిగిలింది, ఆ ఒక్కదానిలో పడిన వెలుతురు చాలలేదు. ఖరీదైన ఫోనులో గాజులు లెక్కపెట్టొచ్చు. కాలాన్ని లెక్కలతో సంపాదించవచ్చు గానీ, చేయి ఆగనప్పుడు ఇవ్వడానికి కాలమే లేదు. అక్కడ గంగాళమే దిక్కు.

ఇంకోటి దూరం. పాఠశాల వార్షికోత్సవంలో చివరి వరసలో కూర్చుని స్టేజీ మీది పిల్లను తీయాలంటే పొడవాటి లెన్సు కావాలి, ఫోను మందం చూస్తే ఎనిమిది మిల్లీమీటర్లు. 2019లో హువావే పీ30 ప్రోలో పట్టకం పెట్టి వెలుతురును మడిచి, లెన్సులను ఫోనులో అడ్డంగా పడుకోబెట్టారు. ఆపిల్ 2023లో నాలుగు సార్లు పరావర్తనం చేయించి అదే సాధించింది. కాంతి వివర్తనం పెట్టే హద్దును సాఫ్ట్‌వేర్ దాటలేదు కాబట్టి ఈ డబ్బూ దండగ అనలేం.

ఆ తర్వాత రెండు పక్షాలూ కలిసిపోయాయి. శాంసంగ్ ఎస్23 అల్ట్రాలో 20 కోట్ల పిక్సెళ్లున్నా పదహారేసి కలిపి ఒకటిగా చూపిస్తారు, అచ్చం నోకియా పద్ధతి. ఫ్రేములు కలిపే నైట్ మోడ్ పదిహేను వేల ఫోనులోకీ దిగింది. లెవోయ్ 2020లో అడోబికి వెళ్లిపోయారు.

నా మాట అడిగితే, ఇంట్లో పరుగెత్తే పసిపిల్లలో, నాట్యం నేర్చుకునే కూతురో ఉంటే నిరుటి పెద్ద ఫోను ధర తగ్గాక కొనండి. పిక్సెల్ 8, ఎస్24 నుంచి ఏడేళ్లు అప్‌డేట్లు ఇస్తామన్నారు కనుక నిరుటిదైనా నష్టం లేదు. తీసేవి ఎక్కువగా కూరలు, కాగితాలు, కొండలూ గుడులూ అయితే పాతిక వేలు దాటొద్దు. షాపులో మాత్రం వాళ్లు చూపించే ధగధగలాడే అద్దాల బీరువాను ఫోటో తీయకండి. కౌంటరు కింద నీడగా ఉన్న చోట సేల్స్ కుర్రాణ్ని చేయి ఊపమని, తీసి, వేళ్ల మధ్య సందులు కనిపిస్తున్నాయో లేదో పెద్దది చేసి చూడండి.